కొండకు చేసిన చెప్పు

హోసూరులో చంద్రచూడేశ్వరుని కొండకు దారులు రెండు. చెప్పులను అడుగున విడిచి రాతిమెట్ల మీదుగా కాలినడక నెక్కునది యొకటి. కారులును ఆటోలును చుట్టు తిరిగి పోవుటకై వేసిన తారుబాట మఱియొకటి. మోకాళ్ళు మొరాయింపనారంభించిన నాటినుండి నేను రెండవ దారి వాడనైతిని గాని, ఆ దారిని వచ్చినందులకు స్వామి నాకు విభూతి తక్కువ పెట్టించిన దాఖలా లేదు. ఈ కొండకు స్థలపురాణ మొకటి కలదు. పరమేశ్వరుడు బంగారు వన్నె గల ఉడుముగా మారి ఈ యడవికి వచ్చెననియు, వెంటాడి వచ్చిన పార్వతి ఆ ఉడుమును తాకినంతనే ఆమె మేను పచ్చవాఱెననియు, అందుచేతనే ఆమెకు మరకతాంబ యను పేరు గలిగెననియు పెద్దలు చెప్పుదురు. ఏనుగుగానో సింహముగానో రాదగిన దేవుడు ఉడుముగా నేల వచ్చెనో గాని, తెలుగువాడు మాత్రము ఈ కథ వినినంతనే ఉడుంపట్టును తలంచుకొనక మానడు. నడుమునకు త్రాడు గట్టి విసరిన ఉడుము కోటగోడను కఱచుకొనగా, ఆ త్రాటిని పట్టుకొని దొంగలును దండువారును ఎగబ్రాకిరను కథలు మనమందఱము చిన్ననాట వినినవే. రాతిని పట్టుటయందు దానికి సాటి లేదు. ఆ గోళ్ళే నున్నని గచ్చు నేలపై జారును.

ఉడుము మాట నా మనస్సున మెదలుటకు కారణము మా మేనల్లుని బూట్లు. అతడు సిప్కాటు పారిశ్రామికవాడలో నొక కర్మాగారమున షిఫ్టుల వంతున పని చేయు యువకుడు. బెంగుళూరు నలుబది కిలోమీటర్ల దూరముననే యుండుటచే అచ్చటి పరుగుపందెముల వేడి ఇచ్చటికిని తగిలి, ఇప్పుడు మా వీథులలో తెల్లవారకముందే నిక్కర్లు తొడిగిన యువకులు పరుగెత్తుచుందురు. మునుపు ఆ వేళకు పాలవాండ్రును పూలబుట్టల వాండ్రును మాత్రమే కనబడువారు. మావాడు తన తోడివారిని మించవలెనని కాబోలు, కొండబాటలపై పరుగెత్తుటకని ప్రత్యేకముగా చేసిన ట్రెయిల్ రన్నింగ్ షూసు కొనెను. చిలుకపచ్చ రంగు, నారింజ రంగు త్రాళ్ళు. వెల యడిగితిని. నేను కొలువున చేరిన తొలి సంవత్సరపు జీతమంతయు గూడినను ఆ మొత్తము కాదు. నోరు మూసికొంటిని.

ఆ బూట్లను మొదట పరీక్షించినది రాయకోట దుర్గముపై. 1791లో టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధమున ఆంగ్లేయుల వశమైన ఆ కొండకోట నేడు మేకలకును, కోతులకును, ఆదివారపు విహారులకును నెలవు. నేను దిగువనే చింతచెట్టు నీడను కూర్చుంటిని. అతడు ఎక్కి దిగి వచ్చెను. మార్గమున మెట్లున్నచోట మెట్లు, లేనిచోట ఎఱ్ఱమన్ను, ఆపైన బోడి గండశిల, ఆ శిలపై ఎండకు పొరలు పొరలుగా విడిపోయి రాలిన గులకపొడి. ఇన్ని విధముల నేలపైనను అతని కాలు ఒక్కమాఱైనను తొట్రుపడలేదట. దిగి వచ్చినప్పటి యాతని ముఖకాంతి చూచి నేనా బూటును చేతికి దీసికొని, వైద్యుడు నాలుకను చూచినట్లు, దాని అడుగు చూచితిని.

అడుగంతయు రబ్బరు గుబ్బలు. ఒక్కొక్కటి 4 మొదలు 6 మిల్లీమీటర్ల లోతు గలిగి, ముందువి ఎగుడునకు అనువుగా ఒకవైపు చూచుచు, మడమవి దిగుడున నిలువరించుటకు ఎదురువైపు చూచుచు, ఒకదానికొకటి ఎడముగా నుండెను. ఎడము లేనిచో నడుమ మన్ను గట్టిపడి అడుగంతయు నున్ననగును. బొటనవ్రేలి ముందు రాతిదెబ్బ తగులకుండ రబ్బరు కప్పు. లోపల, కొనదేరిన రాళ్ళు అరికాలికి గ్రుచ్చుకొనకుండ పలుచని గట్టి పలక. నాలుకకు ఇరుప్రక్కల గులక చొఱకుండ బట్ట కుట్టు. నా చిన్ననాటి కిఱ్ఱు చెప్పులు గుర్తునకు వచ్చినవి. ఆ చెప్పులు చేసినవానికి మా పొలములో ఏ ముండ్లు గలవో తెలియును. ఈ బూట్లు చేసినవాడు రాయకోటను ఎన్నడును చూచియుండడు. అయినను కొండ యనగా నేమో వానికి తెలిసినదని యొప్పుకొంటిని.

ఆ తరువాత నాలుగు నెలలకు మావాడు ఆ బూట్లను నా యెదుట పడవైచి, "మోసపోతి మామా! ఇంత దుడ్డు పెట్టి కొంటే మడమ కాడ అప్పుడే చదునైపోయింది సూడు" అనెను. చూడగా నిజమే. మడమ వెలుపలి యంచున గుబ్బలు లేవు. నడుమను పెన్సిలు రబ్బరు కొసవలె గుండ్రనై యున్నవి. విచారింపగా, కొండపై పరుగెత్తినది నెలకొక్క ఆదివారమును, తక్కిన దినములన్నియు పెద్దరోడ్డు ప్రక్కనున్న సర్వీసు రోడ్డుపైనను అని తేలెను.

మన్నును పట్టుటకు గుబ్బ మన్నులోనికి దిగవలెను. దిగుటకు నేల యొకింత లొంగవలెను. లొంగని బండపై పట్టు మఱియొక విధమైనది: అచ్చట గుబ్బ దిగజాలదు గనుక రబ్బరే మెత్తనై రాతి గఱుకులోనికి ఒదుగవలెను, కావుననే కొండబూటు చేయువాడు మెత్తని రబ్బరు నెన్నుకొనును. తారుబాట మన్నువలె లొంగదు. దాని గఱుకు ఆకురాయి వంటిది. అట్టి నేలపై ఒంటి బరువంతయు గుబ్బల కొసలపైననే నిలువగా, ప్రతి యడుగునను గుబ్బ వంగి, రాచుకొని, లేచి, రవ్వంత తన్ను తాను ఆ బాటకు సమర్పించుకొనును. కాలి క్రింద గోలీలున్నట్లు తోచుటయు, పిక్కలు బరువెక్కుటయు దీని యనుబంధములే. ఇక రోడ్డుబూటు కొండకు పోయెనా, దాని కష్టము వేఱు. దాని వెడల్పైన చదును అడుగు తారుపై పూర్తిగా ఆని సుఖముగా సాగును; గట్టి రబ్బరు గనుక దీర్ఘకాలము మన్నును; కాని గులకపొడి చల్లిన గండశిలపై ఆ చదునే శత్రువై, నిలిచినవానిని నిలిచినట్లే క్రిందికి జార్చును. రెంటికిని పనికివచ్చునని గుబ్బ లోతు తగ్గించి చేసిన నడిమి రకమును అంగళ్ళలో దొరకును. గృహస్థాశ్రమము వంటిదది; రెండు చోట్లను కొంచెము కొంచెము సర్దుకొని, ఏ చోటను మెప్పు పొందక, లోకమునంతటిని మోయుచుండును.

మావాని ఆరోపణ మోసము. బూటు కొండపై చేసిన ప్రతిజ్ఞను తారుపై నిలుపుకొనలేదని. ఆ మాట వినినప్పటినుండి నాకు వేఱొక సందేహము తగులుకొన్నది. మతములపై మన విద్యావంతులు తరచుగా మోపు అభియోగమును ఇదియే కదా! అరణ్యమున, ఏకాంతమున, ముముక్షువైనవానికి విధించిన యహింస, అపరిగ్రహము, మౌనము మొదలగునవి సంతలో, కచేరీలో, కర్మాగారమున నాలుగు నెలలకే అరిగిపోవుచున్నవనియు, అన్ని దారులను సమానముగా నిలువని ధర్మము ధర్మమే కాదనియు వారందురు. వేఱొక వర్గమువారు దీనికి సమాధానముగా, నిజమైన ధర్మము సనాతనము గనుక దానికి అరుగుదలయే లేదందురు. ధర్మము నేలను బట్టి మాఱవచ్చునా? మాఱినచో అది ధర్మముగనే నిలుచునా? ఈ ప్రశ్నకు ఉభయుల సమాధానములును నాకు రుచింపలేదు. ఉభయులును బూటు అడుగు తిరుగవేసి చూడలేదని నా యనుమానము.

ఈ ప్రశ్నను, రూపకముగా గాక సాక్షాత్తు చెప్పుల విషయముననే, మన దేశమున ఇరువదినాలుగు ఇరువదియైదు వందల ఏండ్ల క్రిందటనే విచారించిరి. పాలి వినయపిటకము మహావగ్గమున ఐదవ ఖండము తోలును గూర్చినది. అందు సగము చెప్పులును చెప్పుల తగవులునే. చంపానగరపు శ్రేష్ఠికుమారుడు సోణ కోళివిసుడు ఎంత సుకుమారుడన, అతని అరికాళ్ళయందు రోమములు మొలచియుండెనట. భిక్షువై చంక్రమణము చేయుచు, అనగా ధ్యానముతో ముందుకు వెనుకకు నడచుచు, తీవ్రోత్సాహమున ఆ అరికాళ్ళు పగులునంతగా నడువగా, ఆ బాట గోవుల వధించు చోటువలె రక్తసిక్తమయ్యెను. బుద్ధుడు వచ్చి, వీణ తంత్రులు మితిమీఱ బిగించినను పలుకవు, వదులు చేసినను పలుకవు గదా యని వానికి నచ్చజెప్పెను. వీణ మాట లోకమంతయు నెఱుగును; తరువాతి సంగతిని మాత్రము ఎవ్వరును తలపరు. బుద్ధుడు సోణునకు ఒంటి పొర తోలుచెప్పులు అనుమతించెను. సోణుడు వలదనెను. ఎనుబది బండ్ల బంగారమును ఏనుగుల మందను విడిచి వచ్చినవాడు ఇప్పుడు చెప్పులకు చిక్కెనని లోకులందురనియు, సంఘమునకంతకును అనుమతించినచో తానును తొడుగుదుననియు, లేనిచో తొడుగననియు నతడు విన్నవించుకొనెను. అప్పుడు బుద్ధుడు భిక్షువులందఱకును ఒంటి పొర చెప్పులు అనుజ్ఞ చేసెను.

సోణుని యీ జవాబును మనస్సున నుంచుకొనుడు; దీనితో నాకు ముందు పని గలదు.

అదే ఖండమున, అవంతి దేశమునుండి సోణుడనియే పేరు గల మఱియొక భిక్షువు, కుటికణ్ణుడు, తన గురువు మహాకచ్చాయనుని సందేశమును కొనివచ్చెను. అవంతియందును దక్షిణాపథమునందును నేల పైన నల్లనిది, కఱుకైనది, గోవుల గిట్టలచే త్రొక్కబడి ఎండి ముండ్లవలె నిలిచినది; ఒంటి పొర చెప్పులు అచ్చట చాలవు; కావున అనేకములైన పొరలు గల చెప్పులకు అనుమతి నీయవలెను. బుద్ధుడు ప్రత్యంతదేశములన్నింటికిని దానిని అనుమతించెను. ఉత్తరదేశపు నేలపై చేసిన నియమమును దక్షిణదేశపు నేలను చూచి మార్చిన సన్నివేశమిది. దక్షిణాపథమనగానే అందు మన ఊరును చేరినదని నేను సంతోషించితిని. మాది నల్లనేల కాదు, ఎఱ్ఱమన్నును గండశిలయును అని కొంచెము నిరాశయును పడితిని. పందెముల కొఱకు బూట్లు చేయువారు నేడు కనుగొన్నామనుకొనుచున్న యంశమును ఆనాటి భిక్షువులు శాసనముగా వ్రాసికొనిరి: అడుగు అట్ట ఎంత దళసరి యుండవలెనో నిర్ణయింపవలసినది నేల.

మావాని చిలుకపచ్చ బూట్లను గూర్చియు అందు కలదు! నీలి, పసుపు, ఎఱుపు రంగుల చెప్పులును, పొట్టేలు కొమ్ములవలె ముందు వంచిన చెప్పులును, నెమలి యీకలు కుట్టిన చెప్పులును తొడిగి తిరుగుచుండిన ఆరుగురు కొంటె భిక్షువుల ముఠా యొకటి యుండెను. వారి చెప్పులు నిషేధింపబడెను. వేకువను చెక్కపాదుకలు తొడిగి టకటకలాడించుచు, రాజుల కబుర్లును దొంగల కబుర్లును చెప్పుకొనుచు, ధ్యానము చేయువారిని చెడగొట్టినందులకు పాదుకలును నిషేధింపబడెను. ఊరిలోనికి చెప్పులతో పోరాదు, రోగికి తప్ప. ఇన్ని నియమములలో తోలునకు గాని, పాదమునకు గాని పవిత్రత యనియు అపవిత్రత యనియు నొక గుణమును అంటగట్టిన మాట దాదాపు లేదు. ఏ నేల, ఏ వేళ, ఎవరికి బాధ, ఇంతవఱకే విచారణ.

మన పురాణములు చెప్పును వేఱొక విధమున పట్టుకొన్నవి. భారతమున ఆనుశాసనికపర్వమందు జమదగ్ని యొక్క బాణములను ఏఱి తెచ్చుచు రేణుక యెండకు కాళ్ళు కాలి ఆలస్యము చేయగా, ఆ ఋషి సూర్యునిపైననే బాణము నెక్కుపెట్టె ననియు, సూర్యుడు విప్రవేషమున వచ్చి గొడుగును చెప్పులను ఇచ్చి సంధి చేసికొనెననియు కలదు. భార్య కాలినందులకు సూర్యునిపై కోపించిన ముని తానే బాణములు వేయుట మానుకొనవచ్చునని తలపకపోవుట గమనింపదగినది. భాగవతమున సప్తమస్కంధమందు నారదుడు ధర్మరాజునకు, చెప్పు తొడిగినవానికి గులకరాళ్ళును ముండ్లును లేనట్లే సంతుష్టమనస్కునకు అన్ని దిక్కులును శుభములే యని చెప్పును. ఎనిమిదవ శతాబ్దపు బౌద్ధాచార్యుడు శాంతిదేవుడు బోధిచర్యావతారమున, భూమినంతటిని తోలుతో కప్పుట కెక్కడి తోలు చాలును, కాలి క్రింద నొక్క ముక్క యున్నచో భూమి యంతయు కప్పబడినట్లే గదా యనును. ఇరువురును చెప్పును మనస్సున కుపమానముగా గొన్నవారే; ఇరువురి ఉపమానమును రమణీయమే.

కాని రాయకోట దిగువను చింతచెట్టు క్రింద కూర్చుండి ఆలోచించినప్పుడు, ఆ మహనీయుల యుపమానమున నొక సగము విడువబడినదని నాకు తోచెను. చెప్పు చేయు పనులు రెండు. ముల్లు దిగకుండ అడ్డుపడుట యొకటి. జారకుండ పట్టుట మఱియొకటి. మనవారు అడ్డుపడుటను పొగడిరి. పట్టుటను గూర్చి నోరు విప్పలేదు. బహుశః ఆనాటి తోలుచెప్పులకు పట్టు తక్కువగుట కారణము కావచ్చును. ఈ రెండు పనులకును స్వభావభేద మెంతయో కలదు. అడ్డుపడుటకు గట్టిదనము కావలెను. ముల్లునకు లొంగని తోలు ఉత్తమము. పట్టుటకు మెత్తదనము కావలెను. రాతికి లొంగి, ఆ రాతి ఆకారమును క్షణకాలము తానును ధరింపగల రబ్బరు ఉత్తమము. గట్టిది అరుగదు గాని పట్టదు. సంతోషమనెడి చెప్పు తొడిగిన మనస్సును ముల్లు గ్రుచ్చలేదు, సత్యమే. ఆ మనస్సు బండపై జారకుండ నిలుచునా యనునది వేఱు ప్రశ్న. దుఃఖము సోకనివాడు కొందఱి దుఃఖమును చూచి కూడ సోకనివాడగుటను మన మెఱుగుదుము. ఒకరి కష్టముపై మన పాదము ఆని నిలువవలెనన్నచో మనయందు కొంత రాచుకొనిపోవును. అట్లు పోని దినమున మన మచ్చట నిజముగా అడుగు మోపియుండము.

ఈ దృష్టితో చూచినప్పుడు నాకు జ్ఞాపకము వచ్చునది కాళహస్తి తిన్నడు. తమిళమున శేక్కిళారు, తెలుగున ధూర్జటి ఆతని కథను గానము చేసిరి. శంకరుల పేర ప్రసిద్ధమైన శివానందలహరియందును ఆతనిపై నొక శ్లోకము కలదు. పుక్కిటి నీరు అభిషేకమగుటయు, ఎంగిలి మాంసము నైవేద్యమగుటయు అందఱును చెప్పుకొందురు. ఆ శ్లోకమున వానికంటె ముందు చెప్పినది చెప్పు. అడవి దారులలో తిరిగి తిరిగి నలిగిన ఆ బోయవాని చెప్పు పశుపతి యంగమునకు దర్భకుంచె యయ్యెనని దాని భావము. ఎంగిలి కంటెను చెప్పు పెద్ద యపచారము గదా! అయినను ఆ కవి చెప్పునకు వేసిన విశేషణము చూడుడు: అది క్రొత్తది కాదు, దారి త్రొక్కినది. తరువాత ఆ బోయడే, పెఱుకబోవుచున్న తన రెండవ కంటిని అమర్చవలసిన చోటు తప్పకుండ, స్వామి కంటిపై కాలు ఆనించెను. ఆ కాలికి చెప్పు తొడిగియే విగ్రహములు చెక్కిన శిల్పులు కలరు. గుడ్డివాడు కాబోవుచున్నవానికి చోటు చూపినది ఆ పాదపు పట్టు.

దీనికి సరిగా ఎదురుగా నిలుచునవి నందిగ్రామమున భరతుడు పూజించిన పాదుకలు. హోసూరు ప్రక్కనున్న తొరపల్లిలో 1878లో జన్మించిన రాజాజీ రామాయణమును తమిళమున తిరిగి చెప్పిన సంగతి మా ప్రాంతమువారికి గర్వకారణము గనుక, ఆ పాదుకల ఘట్టమును మేము కొంచెము మా సొంతమన్నట్లు వినుచుందుము. అవి పదునాలుగేండ్లు సింహాసనముపై నుండి రాజ్యమేలెను. ఆ పదునాలుగేండ్లును రాముడు కొండలను అడవులను త్రొక్కెను. ఆ పాదుకలు రవ్వంతయైనను అరుగలేదు. వానికి మ్రొక్కుదును, వేదాంతదేశికులు వానిపై వేయికి మించిన శ్లోకములు వ్రాసిరన్నచో అందు విడ్డూరము లేదు. అయినను ధర్మమున కేది చిహ్నమని నన్నడిగినచో, సింహాసనమెక్కి అరుగని పాదుకకంటె అడవి త్రొక్కి అరిగిన బోయవాని చెప్పును చూపుదును. పీఠములపై కూర్చుండి, తమ సిద్ధాంతమున కెన్నడును అరుగుదల లేదని చెప్పువారిని చూచినప్పుడు ఈ భేదము మఱింత స్పష్టమగును.

ఇట్లు నేలను బట్టి చెప్పు, మార్గమును బట్టి సాధన యని యొప్పుకొన్న మాత్రమున కథ ముగియదు. ఈ సూత్రముననే మనవారు ఘోరమైన పొరపాటు చేసిరి. అధికారిభేదమను మాట మన శాస్త్రములలో చాల గౌరవము గలది. పసివానికొక పాఠము, పండితునకొక పాఠము. గృహస్థునకొక నియమము, యతికొక నియమము. ఇంతవఱకు అది అడుగట్ట దళసరి నిర్ణయించుట వంటిదే. కాని కాలక్రమమున ఆ యధికారమును దారినుండి ఊడదీసి పుట్టుకకు కుట్టిరి. ఏ నేలపై నడచుచున్నావని యడుగవలసినచోట ఏ యింట పుట్టితివని యడిగిరి. దక్షిణదేశపు పల్లెలలో అగ్రజాతుల వీథికి వచ్చునప్పటికి కొందఱు చెప్పులు విడిచి చేత పట్టుకొని నడువవలసిన యాచారము మా తరమువారు కన్నులార చూచినది. అందును చిత్రమేమనగా, ఆ చెప్పులను కుట్టినవారే వానిని విడువవలసినవారు. గుడి ముందట చెప్పు విడుచుటయు ఆ వీథి ముందట చెప్పు విడుచుటయు చూపునకొకే క్రియ. సీనాయి కొండపై మండుచున్న పొద యెదుట మోషే విడిచినదియు, కృష్ణగిరి దుర్గముపైనున్న దర్గాలో యాత్రికుడు విడుచునదియు, చంద్రచూడేశ్వరుని మెట్ల మొదట మేము విడుచునదియు ఎవరును లాగికొన్నది కాదు. విడిపించుకొన్న చెప్పునకును విడిచిన చెప్పునకును గల భేదము తెలియనివాడు వినయమును గూర్చి వ్యాఖ్యానింప తగడు. సోణుని జవాబు ఇచ్చట నాకు కావలసివచ్చినది. తన పాదములు చిట్లియున్నను, అందఱకును లేని చెప్పు తనకు వలదనెను. నేల భేదమును అంగీకరించిన ఆ సంఘమే మనుష్యభేదమును చెప్పు దగ్గఱకు రానీయలేదు.

మా పొరుగు కన్నడదేశమున హరళయ్య గాథ యొకటి ప్రచారమున కలదు. పండ్రెండవ శతాబ్దపు కల్యాణనగరమున చెప్పులు కుట్టుకొను హరళయ్య నమస్కరింపగా బసవేశ్వరుడు రెండింతలు నమస్కరించెనట. ఆ యప్పు తీఱుటెట్లని దంపతులిరువురును తమ తొడల చర్మముతో బసవనికి చెప్పులు కుట్టి తెచ్చిరి; ఆతడు వానిని కాలికి తొడుగ సమ్మతింపలేదు. చిన్నతనమున ఈ కథ నాకు జుగుప్స కలిగించెడిది. ఇప్పుడును పూర్తిగా నిష్టమని చెప్పజాలను. ఒకరి నమస్కారమునకు బదులుగా చర్మము నొలుచుకొనవలసినంత బరువును ఆ నమస్కారమునకు కల్పించిన లోకముపై కోపము వచ్చును. కాని ఒక్కటి మాత్రము గ్రహించితిని: చెప్పు ఎవని దేహమునుండియో వచ్చునది. మృగముదో, చెట్టు పాలదో, నేటి కర్మాగారమున రాత్రి షిఫ్టున జిగురు వాసన పీల్చుచు అచ్చులు పోయు యువతి కన్నులదో.

మావానితో ఇదంతయు నేను చెప్పలేదు. ఈ కాలపు యువకులకు మేనమామ యుపన్యాసము కొండకంటె నిటారు. అతని అభియోగమునకు మాత్రము, "ఒరే, అది నిన్ను మోసం చేయలేదు. రాయకోటలో నిన్ను పట్టుకొన్నదీ ఆ మెత్తదనమే, రోడ్డు మింద అరిగిందీ ఆ మెత్తదనమే" అంటిని. అతడు, "అట్లైతే రోడ్డుకు వేరే జత కొనాలా మామా?" అని, మఱల వెల మాటకు వచ్చెను. ఆ వెల ఒక జతకే యెక్కువ. రెండు జతలు కొనగలవానికే రెండు మార్గములు తెఱచి యుండునను విషయము నేను తాత్త్వికచర్చలో మఱచితిని. నిజమునకు, ఒంటి జతతోనే కొండయు రోడ్డును నడువవలసినవారే లోకమున నెక్కువ మంది. పగలు సంతలో త్రాసు పట్టి, రాత్రి భజనలో తాళము పట్టువానికి ప్రవృత్తికొకటి, నివృత్తికొకటి యని రెండు మనస్సులు ఎవరిత్తురు?

కడకు, బస్టాండు సమీపమున గోనెపట్ట నీడను కూర్చుండు చెప్పులు కుట్టు ముసలివాని యొద్దకు ఆ బూట్లను తీసికొనిపోతిమి. మడమకు రబ్బరు అతికింపవచ్చునేమో యని మావాని యాశ. ముసలివాడు బూటును అటు నిటు త్రిప్పి, బొటనవ్రేలితో మడమ నొత్తి చూచి, "ఇది కుట్టు పని కాదు సామీ, అంతా ఒకే అచ్చు. దీనికి అతుకు నిలవదు" అనెను. "మరి పాత టైరు ముక్క వేస్తే ఏమప్పా?" అని నేనడిగితిని. "వేస్తా. రోడ్డుకు నిలుస్తుంది. కొండకు పోతే మడమ జారుతుంది. ఏడికి పోయేది ముందు చెప్పండి" అని మావాని ముఖము చూచెను.

మావాడు వెంటనే బదులు చెప్పలేదు. ఆ వ్యవధిలో ముసలివాడు ఆరెతో, ఎవ్వరును చెప్పకయే, ముందరి భాగమున ఇంకను అరుగని గుబ్బల నడుమ ఇఱికియున్న గులకరాళ్ళను ఒక్కొక్కటిగా పెకలింపసాగెను. ఎఱ్ఱమన్ను అంటినవి రాయకోటవి. నల్లగా తారు పూసినవి సర్వీసు రోడ్డువి. అన్నియు గోనెపట్టపై ఒకే కుప్పగా పడెను. వానిని అరచేత తుడిచి ప్రక్కకు నెట్టి, "ఊఁ, చెప్పండి" అనెను.